ఏడాది వార్తలన్నీ ఒకచోట పెట్టి చూడండి

సంపాదకులకు, డెస్క్ ఇన్‌ఛార్జులకు, బులెటిన్లు నడిపే ప్రొడ్యూసర్లకు, ఫొటోలు ఎంచేవారికి,

నమస్కారం.

మీ వార్తల్లో పడే పేరు తప్పులు, అంకె తప్పులు ఎంచడానికి ఈ లేఖ రాయడం లేదు. వాటిని పట్టుకోవడానికి మీ దగ్గర మనుషులున్నారు. వాళ్లు చూసుకోకపోతే ఫోన్ చేసి చెప్పే పాఠకులున్నారు. నేను చెప్పదలచుకున్న తప్పు ఏ ఒక్క వార్తలోనూ కనిపించదు. విడిగా చూస్తే ప్రతి వార్తా నిజమే. జరిగిందే రాశారు, ఉన్నదే చూపించారు. అవన్నీ ఏడాదిపాటు పోగుపడ్డాక పాఠకుడి మనసులో నిలిచే సమాజం మాత్రం బయట ఎక్కడా లేదు. అందులో ఒక వర్గం వాళ్లంతా నేరాలు చేసేవాళ్లు. ఇంకో వర్గం వాళ్లంతా ఎవరో వచ్చి ఆదుకుంటారని ఎదురుచూసేవాళ్లు. మరికొందరు అసలు పుట్టనే లేదు.

ఊహించి చెప్తున్న మాట కాదిది. మార్టిన్ గిలెన్స్ అనే అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త 1988 నుంచి 1992 దాకా టైమ్, న్యూస్‌వీక్, యూఎస్ న్యూస్ అండ్ వరల్డ్ రిపోర్ట్ పత్రికల్లో పేదరికం మీద వచ్చిన కథనాలు తీసి, వాటితో వేసిన ఫొటోల్లో ఎవరెవరున్నారో లెక్కపెట్టారు. ఫొటోల్లో కనిపించిన పేదల్లో 62 శాతం నల్లజాతివారు. అప్పటి అమెరికా పేదల్లో వారి అసలు వాటా 29 శాతం. అంటే ఉన్నదానికి రెట్టింపు కంటే ఎక్కువ. ఆ పత్రికల్లో పనిచేసినవాళ్లు కూర్చుని కుట్ర పన్నారని నేననుకోను. ఒక్కో వారం ఒక్కో ఫొటో ఎంచారు. ఆ వారం, ఆ కథనానికి, ఆ ఫొటో బాగానే ఉంది. అందులో ఉన్న మనిషి నిజంగానే పేద. తప్పు పట్టడానికి ఏమీ లేదు. అయిదేళ్ల ఫొటోలు ఒకచోట పరిచాకే అసలు సంగతి బయటపడింది.

ఆ లెక్కలో ఇంకా బాధపెట్టే విషయం ఒకటుంది. చదివేవాళ్లకు జాలి కలిగే పేదలున్నారు కదా, ముసలివాళ్లు, రోజంతా పనిచేసినా ఇల్లు గడవనివాళ్లు, అలాంటివాళ్ల గురించి రాసినప్పుడు నల్లజాతివారి ఫొటోలు తగ్గాయి. పనిచేసే వయసుండీ పని లేనివాళ్ల గురించి రాసినప్పుడు పెరిగాయి. ఎవరి మీద జాలి పడాలో, ఎవర్ని తప్పుపట్టాలో ఏ రిపోర్టరూ వాక్యంలో రాయలేదు. ఫొటోలు చెప్పేశాయి. ఆ రోజుల్లోనే సర్వేలో జనాన్ని అడిగితే, దేశంలోని పేదల్లో దాదాపు సగం మంది నల్లవారే అయ్యుంటారని అంచనా వేశారు. ఆ అంచనా పత్రికల ఫొటోల వల్లే వచ్చిందని నేను రుజువు చేయలేను. కానీ అది ఏ జనాభా లెక్కల్లోనూ లేదు. మీలాంటివారి పేజీల్లో ఉంది.

మీరు వెంటనే చెప్పే మాట నాకు తెలుసు. పాఠకులు అంత అమాయకులు కారు, తమ చుట్టూ ఉన్న లోకాన్ని తమ కళ్లతోనూ చూస్తారు కదా అంటారు. చూస్తారు. కళ్లకు అందినంత మేర చూస్తారు. అమెరికాలో 1990ల మొదటి నుంచి 2010ల చివరికల్లా హింసాత్మక నేరాల రేటు దాదాపు సగానికి పడిపోయింది. అదే కాలంలో సర్వేలు చేసే గాలప్ సంస్థ జనాన్ని అడుగుతూ వచ్చింది, నిరుటికంటే దేశంలో నేరాలు పెరిగాయా తగ్గాయా అని. ఎక్కువ సంవత్సరాల్లో సగానికి మించినవారు పెరిగాయనే చెప్పారు. మీరుండే చోట పెరిగాయా అని అడిగితే మాత్రం అవునన్నవారు తక్కువ. తమ వీధి గురించి జనం సొంత అనుభవంతో మాట్లాడారు. దేశం గురించి మాట్లాడాల్సి వచ్చేసరికి వాళ్ల దగ్గరున్నది టీవీ చూపించిన దేశం ఒక్కటే. మనుషుల విషయంలోనూ అంతే. పక్కింట్లో ఉన్న కుటుంబం గురించి నాకు మీరేమీ చెప్పనక్కర్లేదు. నేనెప్పుడూ కలవని, ముందుముందు కూడా కలిసే అవకాశం లేని మనుషుల గురించి నాకు తెలిసిందంతా మీరు చెప్పిందే. ఎవరితో పరిచయం తక్కువో వాళ్ల విషయంలోనే మీ మాటకు బలం ఎక్కువ. అక్కడే మీరు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి, అక్కడే తక్కువ జాగ్రత్త కనిపిస్తోంది.

జార్జ్ గెర్బ్‌నర్ అనే మీడియా పరిశోధకుడు 1960ల చివర్లో మొదలుపెట్టిన పరిశోధన ఈ దారిలోనే నడిచింది. గంటల తరబడి టీవీ చూసేవారు, తక్కువగా చూసేవారికంటే లోకం ప్రమాదకరమైందని, మనుషుల్ని నమ్మడానికి లేదని ఎక్కువగా చెప్పారు. ఆ ప్రభావం ఎంత అన్నదాని మీద తర్వాత చాలా వాదన జరిగింది. ఆయన పట్టుకున్న కీలకం మాత్రం మీరు మనసులో పెట్టుకోవాలని కోరుతున్నాను. ఒక కార్యక్రమం, ఒక సీను మనిషిని మార్చేస్తుందని ఆయన అనలేదు. ఒకే రకమైన బొమ్మ ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ రావడం గురించి మాట్లాడారు.

మీ వృత్తిలో గొప్ప సలహాగా చెప్పుకునే మాటొకటుంది. సమస్య గురించి రాయకు, మనిషి గురించి రాయి అని. అంకెలు ఎవరికీ గుర్తుండవు, ఒక తల్లి కథ చెప్తే గుర్తుంటుంది అని. అది నిజమే, నాకూ అలాంటి కథనాలే గుర్తున్నాయి. కానీ శాంటో అయ్యంగార్ అనే పరిశోధకుడు చేసిన ప్రయోగాల ఫలితాలు 1991లో అచ్చయ్యాయి. అవి చదివాక ఆ సలహాను నేను మునుపటిలా చూడలేకపోతున్నాను. పేదరికం మీద టీవీ కథనాలను ఆయన రెండు రకాలుగా చూపించారు. కొందరికి ఒక పేద మనిషి కష్టం చూపించారు. ఇంకొందరికి దేశంలో ఉపాధి ఎలా ఉంది, పేదరికం ఎందుకు పెరుగుతోంది అన్నది చూపించారు. తర్వాత బాధ్యత ఎవరిదని అడిగారు. రెండో రకం కథనం చూసినవారు సమాజం వైపు, ప్రభుత్వం వైపు చూపించారు. ఒక మనిషి కష్టం చూసినవారు ఎక్కువగా ఆ మనిషినే తప్పుపట్టారు. కన్నీళ్లు తెప్పించాలని తీసిన కథనం, చూసినవారి మనసులో నిందగా మిగిలింది.

దీనర్థం మనుషుల కథలు మానేయమని కాదు. ఆ తల్లిని చూపించిన రెండు నిమిషాల్లో ఒక అర నిమిషం ఆమె పని పోవడానికి కారణమేంటో చెప్పండి. ఆమెలాంటివాళ్లు ఎంతమంది ఉన్నారో, ఏ నిర్ణయం వల్ల అలా అయిందో, ఆ నిర్ణయం తీసుకున్నదెవరో చెప్పండి. ఆ చివరి ప్రశ్నకు జవాబు వెతకడానికి రిపోర్టర్‌కు ఇంకో రోజు పడుతుందని నాకు తెలుసు. ఆ రోజు ఇవ్వండి. అది ఇవ్వలేకపోతే ఆమె ముఖాన్ని వాడుకోకండి.

క్యాప్షన్ల గురించి. 2005లో అమెరికాలో కత్రినా తుపాను న్యూ ఆర్లీన్స్‌ను ముంచినప్పుడు రెండు ఫొటోలు ఇంటర్నెట్‌లో పక్కపక్కన తిరిగాయి. రెండింటిలోనూ మనుషులు ఛాతీలోతు నీళ్లలో సరుకులు పట్టుకుని వెళ్తున్నారు. ఒకదానిలో నల్లజాతి కుర్రాడు. దుకాణం దోచుకుని వస్తున్నాడని క్యాప్షన్. ఇంకోదానిలో తెల్లజాతి జంట. వాళ్లకు సరుకులు దొరికాయని క్యాప్షన్. నిజం చెప్పాలంటే ఆ రెండూ వేర్వేరు ఏజెన్సీల ఫొటోలు, తీసినవారు వేర్వేరు. కుర్రాడు దుకాణంలోకి వెళ్లడం తాను చూశానని ఒక ఫొటోగ్రాఫర్ చెప్పారు. సరుకులు నీళ్లలో తేలుతూ వచ్చాయని ఇంకొకరు చెప్పారు. ఇద్దరి మాటా నిజమే అనుకుందాం. అయినా పక్కపక్కన పెట్టి చూసిన నల్లజాతి పాఠకులకు ఎందుకంత మండింది? వాళ్లు చూసిన మొదటి క్యాప్షన్ అది కాదు కాబట్టి. మీరు ఒక్క ఫొటోకు జవాబు చెప్తున్నారు. వాళ్లు జీవితమంతా చూసిన ఫొటోల గురించి అడుగుతున్నారు.

ఆ వరదల్లోనే, జనం తలదాచుకున్న సూపర్‌డోమ్ స్టేడియంలో హత్యలు, అత్యాచారాలు పెద్ద సంఖ్యలో జరుగుతున్నాయని వార్తలు వెల్లువెత్తాయి. నీళ్లు తీశాక చూస్తే వాటిలో చాలామటుకు పుకార్లే. ఆ గందరగోళంలో ఎవరికీ తీరిక లేదు, ఫోన్లు పనిచేయలేదు, ఇవన్నీ నేను ఒప్పుకుంటాను. కానీ ధ్రువీకరించుకునే వీల్లేనప్పుడు ఏ పుకారును నమ్మేశాం అన్నది ఆలోచించాల్సిన విషయం. అక్కడున్నవారిలో ఎక్కువమంది పేదలు, నల్లవారు. వాళ్లు అలాంటి పని చేసి ఉంటారని నమ్మడానికి ఎవరికీ కష్టం కాలేదు. ఆ భయంతో కొన్ని సహాయక చర్యలు ఆలస్యమయ్యాయి. నీళ్ల మధ్య చిక్కుకున్నవారికి పడవ ఆలస్యంగా చేరింది.

పొగడ్త విషయంలోనూ ఒక మాట చెప్పాలి, ఎందుకంటే పొగిడినప్పుడు తప్పేమీ లేదని అందరం అనుకుంటాం. స్టెల్లా యంగ్ అని ఆస్ట్రేలియాలో ఒక జర్నలిస్టు, హాస్యకళాకారిణి ఉండేవారు. వీల్‌చెయిర్‌లో తిరిగేవారు. ఆమెకు పదిహేనేళ్లప్పుడు ఊళ్లో ఒకాయన వచ్చి, అమ్మాయి పేరు సాధకుల అవార్డుకు పంపుతామని తల్లిదండ్రులను అడిగారట. మంచిదే గానీ మా అమ్మాయి ఇంతవరకు సాధించిందేమీ లేదు కదా అన్నారట వాళ్లు. ఆ అమ్మాయి అందరిలాగే బడికి వెళ్తోంది, మంచి మార్కులు తెచ్చుకుంటోంది, బడి అయ్యాక ఒక సెలూన్‌లో చిన్న ఉద్యోగం చేస్తోంది. 2014లో సిడ్నీలో మాట్లాడుతూ ఆమె ఈ సంగతి చెప్పారు. వైకల్యం ఉన్నవాళ్లు మిగతావాళ్లకు స్ఫూర్తి కోసం వాడుకునే వస్తువులు కారని నిలదీశారు.

మీ ఆర్కైవ్‌లో వైకల్యం ఉన్నవారి గురించిన కథనాలు తీసి చూడండి. దాదాపు రెండే రకాలు కనిపిస్తాయి. అయ్యో పాపం అనిపించేవి, ఔరా అనిపించేవి. లిఫ్టు లేని ప్రభుత్వ భవనం గురించి, చూపు లేనివారు చేతివేళ్లతో చదవడానికి వీల్లేని పరీక్ష పేపర్ గురించి, ఉద్యోగం ఇస్తామని చెప్పి వీల్‌చెయిర్ చూసి వెనక్కి పంపిన కంపెనీ గురించి ఎన్ని ఉన్నాయి? బడ్జెట్ మీదో, క్రికెట్ మీదో అభిప్రాయం చెప్పడానికి చూపు లేని మనిషిని పిలిచిన డిబేట్ ఎప్పుడైనా ఉందా? బడ్జెట్ గురించి మాట్లాడేంత చదువు ఉన్న అంధులు ఎందరో ఉన్నారు. మీ ఫోన్ బుక్‌లో వాళ్ల నంబరు 'వికలాంగుల దినోత్సవం' కింద ఉంది.

మానసిక అనారోగ్యం విషయంలో పరిస్థితి ఇంకా అన్యాయం. దాడి చేసినవాడికి మతిస్థిమితం లేదని తెలిసిన రోజు అది హెడ్డింగ్ అవుతుంది. ఆ జబ్బులున్నవారు దాడి చేసేవారికంటే దాడికి గురయ్యేవారే ఎక్కువ అని వైద్య పరిశోధనలు ఎప్పటినుంచో చెప్తున్నాయి. అది హెడ్డింగ్ కాలేదు. ఆ హెడ్డింగులు చదివిన కుటుంబాలు పిల్లవాణ్ని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లడానికి భయపడతాయి. డాక్టర్‌కు భయపడి కాదు, నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారో అని.

ఇక కనిపించనివాళ్లు. ఒకే రోజున అనేక దేశాల వార్తల్ని తీసి లెక్కపెట్టే అధ్యయనం ఒకటి 1995 నుంచి సుమారు అయిదేళ్లకోసారి జరుగుతోంది. ప్రపంచ మీడియా పరిశీలన ప్రాజెక్టు అంటారు. వార్తల్లో కనిపించే, వినిపించే, ప్రస్తావనకు వచ్చే మనుషుల్లో ఆడవాళ్లు 1995లో 17 శాతం. 2020లో 25 శాతం. పాతికేళ్లు గడిస్తే ఎనిమిది శాతం కదిలింది. జనాభాలో సగం మంది విషయంలోనే ఇలా ఉంటే, సంఖ్యలో చిన్నవైన వర్గాల సంగతి ఏం చెప్పను?

కనిపించకపోవడం అంటే చచ్చిపోయినా కనిపించకపోవడం. అమెరికాలోని కాన్సస్ సిటీ స్టార్ అనే పత్రిక 2020 డిసెంబర్‌లో తన పాత సంచికలను తానే తిరగేసుకుని, నల్లజాతి సమాజాన్ని దశాబ్దాల తరబడి అవమానించినందుకు, పట్టించుకోనందుకు బహిరంగంగా క్షమాపణ చెప్పింది. ఆ పనిలో ఉన్న రిపోర్టర్లకు 1977 వరద వార్తలు కంటపడ్డాయి. ఆ వరదలో 25 మంది చనిపోయారు, వారిలో ఎనిమిది మంది నల్లజాతివారు. పత్రిక దృష్టంతా ఒక ఖరీదైన షాపింగ్ ప్రాంతంలో జరిగిన ఆస్తినష్టం మీదే ఉంది. ఆ ఎనిమిది ఇళ్లలో మర్నాడు పత్రిక తెరిచి చూసిన మనుషుల్ని తల్చుకోండి. అబద్ధం ఒక్కటీ లేదు అందులో. దుకాణాల్లోకి నీళ్లు వచ్చిన మాట నిజమే.

ఆ పత్రికకు చేతులెత్తి నమస్కరిస్తాను. నలభై మూడేళ్ల తర్వాతైనా వాళ్లు పాత బైండ్లు దింపి చూశారు. ఎవరూ కేసు వేయలేదు, ఎవరూ నోటీసు ఇవ్వలేదు. మీరు కూడా చూడగలరు.

డెస్క్‌లో ఎవరు కూర్చున్నారన్న ప్రశ్న ఇక్కడ తప్పదు. 1960ల జాతి అల్లర్ల మీద అమెరికా అధ్యక్షుడు వేసిన కెర్నర్ కమిషన్ 1968లో నివేదిక ఇస్తూ పత్రికల గురించి ఒక అధ్యాయమే రాసింది. వార్తల ఉద్యోగాల్లో నల్లజాతివారు అయిదు శాతం కూడా లేరని, నిర్ణయాలు తీసుకునే స్థాయిలో ఒక శాతం కూడా లేరని చెప్పింది. మన దేశంలో 1996లో బి.ఎన్. ఉనియాల్ అనే సీనియర్ జర్నలిస్టును ఒక విదేశీ విలేకరి, ఒక దళిత జర్నలిస్టు అభిప్రాయం కావాలి, ఎవరైనా ఉంటే చెప్పండి అని అడిగారు. ముప్ఫై ఏళ్ల వృత్తిలో తనకు ఒక్కరూ తారసపడలేదని ఆయనకు అప్పుడు తట్టింది. ప్రభుత్వ గుర్తింపు పొందిన జర్నలిస్టుల జాబితా తిరగేసినా ఒక్కరూ దొరకలేదు. ఆ విషయం ఆయన పయనీర్ పత్రికలో రాశారు. ఆ ముప్ఫై ఏళ్లలో దళితుల గురించి వార్తలు రాలేదా అంటే వచ్చాయి. అన్నీ వేరేవాళ్లు రాసినవి.

ఇలాంటి చోటే మనుషులు సొంత పత్రికలు పెట్టుకున్నారు. 1827లో న్యూయార్క్‌లో నల్లజాతివారు మొదలుపెట్టిన ఫ్రీడమ్స్ జర్నల్ మొదటి సంచికలోనే రాసింది, మా తరఫున ఇతరులు చాలాకాలం మాట్లాడారు, మా మాట ఇక మేమే చెప్పుకుంటాం అని. 1920 జనవరిలో అంబేద్కర్ మూక్‌నాయక్ పత్రిక తెచ్చింది కూడా, అంటరానివారి కష్టాలు చెప్పుకోవడానికి ఉన్న పత్రికల్లో చోటు లేకే. ఈ రెంటికీ మధ్య తొంభై మూడేళ్లు, రెండు ఖండాలు. ఫిర్యాదు ఒక్కటే. మీ కాలంలో ఎవరు సొంత చానెల్ పెట్టుకుంటున్నారో, ఎందుకు పెట్టుకుంటున్నారో గమనించండి. పోటీ పెరిగిందని విసుక్కునే ముందు వాళ్లు మీ దగ్గర వెతికి దొరక్క వెళ్లిపోయింది ఏమిటో అడగండి.

ఒక వర్గం గురించి వార్త రాసేటప్పుడు ఆ వర్గంవాళ్లు కూడా అది చదువుతారన్న స్పృహ చాలాసార్లు కనిపించదు. వాళ్ల గురించి మిగతావాళ్లకు చెప్తున్నట్టు ఉంటుంది. 'వారి జీవితాలు', 'వారి అలవాట్లు', 'అక్కడి పరిస్థితి' అంటూ. ఆ ఇంట్లోనూ పన్నెండేళ్ల పిల్ల ఉంటుంది. తన పేరులాంటి పేరు, తన బట్టల్లాంటి బట్టలు ఉన్న మనిషి టీవీలో ఎప్పుడు కనిపించినా పోలీసుల మధ్య నిలబడో, ఏడుస్తూనో ఉంటే ఆ పిల్ల ఏమనుకోవాలి? బడిలో తోటిపిల్లలు తనను చూసే చూపు ఎక్కడినుంచి వచ్చిందనుకోవాలి? ఆ పిల్లకు మీరు ఎప్పుడూ ఉత్తరం రాయలేదు, పేరు పెట్టి ఏమీ అనలేదు. కానీ తన గురించి లోకం అభిప్రాయమేంటో ఆమెకు రోజూ తెలియజేస్తున్నది మీరే.

మీ కష్టాలు తెలియక ఇవన్నీ రాస్తున్నానని అనుకోకండి. తక్కువ మంది, ఎక్కువ పేజీలు. రాత్రి డెడ్‌లైన్ దగ్గరపడితే చేతికందిన ఫైల్ ఫొటో పెట్టాల్సిందే. పక్క చానెల్లో బ్రేకింగ్ పడిపోయింది, మనమింకా ఎందుకు వేయలేదన్న టెన్షన్. ఏ హెడ్డింగ్‌కు ఎన్ని క్లిక్కులొచ్చాయో గోడమీద స్క్రీన్ చూపిస్తుంటే, ఆవేశం రేపే హెడ్డింగ్ పెట్టకుండా ఉండటం ఎవరికైనా కష్టమే. కానీ ఇవన్నీ చెప్తున్నది ఒకటే. తీరిక లేనప్పుడు చెయ్యి అలవాటు పడ్డచోటికే పోతుంది. ఆ అలవాటు ఎటు పోతోందో తీరిక ఉన్నప్పుడు చూసుకోవాలి.

మేం ఉన్నదే చూపిస్తాం, మా చూపుతో లోకం మారదు అనే మాట కూడా నిలవదు. వియన్నాలో 1980లలో మెట్రో రైళ్ల కింద పడి ఆత్మహత్యలు పెరిగాయి. పత్రికలు వాటిని మొదటి పేజీలో, నాటకీయంగా, పద్ధతితో సహా వర్ణించేవి. 1987లో నిపుణులు మార్గదర్శకాలు ఇచ్చారు, పత్రికలు రాసే తీరు మార్చుకున్నాయి. ఆ తర్వాత మెట్రోలో ఆత్మహత్యలు బాగా తగ్గాయి, తగ్గిన స్థాయిలోనే ఏళ్లపాటు ఉన్నాయి. రాసే తీరు మారితే బతికిన మనుషులున్నారు. ఇంతకంటే పెద్ద రుజువు ఏం కావాలి?

అందుకే నా విన్నపం లెక్కపెట్టమని. ఈ పని కొత్తదేమీ కాదు. 1920లో వాల్టర్ లిప్‌మన్, చార్లెస్ మెర్జ్ అనే ఇద్దరు జర్నలిస్టులు రష్యా విప్లవం మీద న్యూయార్క్ టైమ్స్ వేసిన వార్తలను మూడేళ్ల సంచికలు ముందేసుకుని చదివారు. సోవియట్ ప్రభుత్వం కూలిపోబోతోందనో, కూలిపోయిందనో రెండేళ్లలో 91 సార్లు వచ్చింది. ఆ రెండేళ్లలో ఆ ప్రభుత్వం కూలలేదు. రోజూ ఆ పత్రిక తయారుచేసినవారిలో ఎవరూ 91 దాకా లెక్కపెట్టి ఉండరు. ఒక్కోసారి ఒక్కో టెలిగ్రామ్ వచ్చింది, వేశారు. జరిగింది కాక, జరగాలని కోరుకున్నది చూశారని ఆ ఇద్దరూ తేల్చారు.

ఈ మధ్యకాలంలో బీబీసీ చేసిన పని మీకు ఇంకా దగ్గర. 2017లో రాస్ అట్కిన్స్ అనే ప్రెజెంటర్ తన కార్యక్రమంలో ఆడవాళ్లు ఎంతమంది మాట్లాడుతున్నారో రోజూ లెక్కపెట్టడం మొదలుపెట్టారు. బులెటిన్ అయిపోగానే టీమే కూర్చుని రెండు నిమిషాల్లో రాసుకునేది. ప్రధాని ఎవరు, నిందితుడు ఎవరు అన్నది వాళ్ల చేతుల్లో లేదు కాబట్టి వాటిని లెక్కలోంచి తీసేశారు. తాము ఎంచుకునే మనుషుల్ని, అంటే నిపుణుల్ని, రిపోర్టర్లను, విశ్లేషకులను మాత్రమే లెక్కించారు. మొదట 39 శాతం ఉన్నది నాలుగు నెలల్లో 50కి చేరింది. కోటా పెట్టలేదు, ఎవర్నీ తిట్టలేదు. అంకె కళ్లముందు ఉంది, అంతే. ఆడవాళ్ల విషయంలో వీలైంది మిగతావారి విషయంలో ఎందుకు వీలుకాదు? కులం, మతం, వైకల్యం, వలస వచ్చిన నేపథ్యం లెక్కపెట్టడం కష్టమని, అడగడమే ఇబ్బందని అంటారు. మనిషిని అడగనక్కర్లేదు. మీ వార్తలో మీరే ఎవరి వర్గం పేరు ఎత్తారో, ఏ సందర్భంలో ఎత్తారో చూడండి చాలు. నేరం చేసినప్పుడు ఎన్నిసార్లు ఎత్తారు? అదే నేరం ఇంకో వర్గం మనిషి చేసినప్పుడు ఎందుకు ఎత్తలేదు? ఆ వర్గం మనిషి డాక్టరుగా, లెక్చరరుగా, మామూలు రైలు ప్రయాణికుడిగా మాట్లాడింది ఎన్నిసార్లు?

సవరణ గురించి కూడా అడగాలి. 1989 ఏప్రిల్ 15న ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో హిల్స్‌బరో స్టేడియంలో తొక్కిసలాట జరిగింది. దాని వల్ల మొత్తం 97 మంది లివర్‌పూల్ ఫుట్‌బాల్ జట్టు అభిమానులు చనిపోయారు. నాలుగు రోజుల తర్వాత ద సన్ పత్రిక, అభిమానులు చనిపోతున్నవారి జేబులు కొట్టారని, పోలీసుల మీద మూత్రం పోశారని మొదటి పేజీలో వేసింది. దానికి పెట్టిన హెడ్డింగ్ అర్థం 'నిజం' అని. అదే మొదటి పేజీలో క్షమాపణ 2012లో వచ్చింది. అభిమానుల తప్పేమీ లేదని, మృతులు చట్టవిరుద్ధంగా చంపబడ్డారని విచారణలో జ్యూరీ 2016లో తేల్చింది. కొడుకులను పోగొట్టుకున్న కొందరు తల్లిదండ్రులు అప్పటికి బతికి లేరు. ఆ వార్త గాల్లోంచి పుట్టలేదు. పోలీసుల వైపునుంచి వచ్చింది, ఒక వార్తా ఏజెన్సీ పంపింది. మూలం ఉంది, కోట్ ఉంది. సాకర్ అభిమానులు, అందులోనూ కూలీనాలీ కుర్రాళ్లు, ఇలాంటివాళ్లే అన్న నమ్మకం ముందే ఉంది. అధికారుల మాట అచ్చవడానికి అంతకంటే ఏమీ అవసరం పడలేదు. పోలీసులు చెప్పిందాన్ని పోలీసులు చెప్పారనే రాయండి. నిందితుడిగా ముఖం చూపించిన మనిషి నిర్దోషిగా బయటికొస్తే, ముఖం వేసిన చోటే, అంత సైజులోనే ఆ వార్త వేయండి. లోపలి పేజీలో మూల రెండు వాక్యాలు వేసి బాధ్యత తీరిందనుకోవద్దు. వెబ్‌సైట్‌లో పాత వార్త పైన ఆ తీర్పు కనిపించేలా పెట్టండి, ఉద్యోగం ఇచ్చేవాళ్లు వెతికేది అక్కడే కాబట్టి.

మొదలుపెట్టడానికి కమిటీలు అక్కర్లేదు. పోయిన నెల సంచికలు, బులెటిన్లు తీయండి. ఒక్క నెల చాలు. లెక్కపెట్టే పని కొత్తగా చేరిన ట్రైనీ మీద వేయకండి. పేజీ పెట్టినవాళ్లు, బులెటిన్ నడిపినవాళ్లు, ఫొటో ఎంచినవాళ్లు కలిసి కూర్చుని చేయాలి. ఎందుకంటే ఆ అంకె చూసి మారాల్సింది వాళ్ల చెయ్యి. ఒక్క గదిలో, ఒక్క మధ్యాహ్నం సరిపోతుంది. మీరు ఏ వర్గం గురించి ఎక్కువ రాశారో ఆ వర్గం నుంచి ఇద్దరు ముగ్గురు పాఠకులను కూడా పిలవండి. వాళ్లు మీకు కనిపించనివి చూపిస్తారు. వచ్చిన అంకెలను మీ పేజీలోనే వేయండి. బాగా లేకపోయినా వేయండి. మూడు నెలల తర్వాత మళ్లీ లెక్కపెట్టి, ఆ అంకెలను వీటి పక్కనే వేయండి.

ఇట్లు,
రోజూ మీ వార్తలు చదివే, చూసే ఒక పాఠకురాలు